నల్లకోడు దుప్పటి

నల్లకోడు వంతెన మీద జనం ముక్కు మూసుకోవడం మానేసినప్పుడు సత్యవేణి సంబరపడింది. అంత తొందరగా సంబరపడి ఉండాల్సింది కాదు. కానీ ఎందుకు పడదు? తాళ్ళమేరకలో పుట్టిన ప్రతి మనిషీ ఆ వంతెన ఎక్కేముందు ఊపిరి బిగబట్టడం నడకతో పాటే నేర్చుకుంటాడు. ఊరికి రెండు పక్కలా రొయ్యల చెరువులే. ఒకప్పుడు వరి పండిన నేలలో ఇప్పుడు ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళని చిలికే ఏరేటర్లు. రొయ్యలు తినగా మిగిలిన మేత, వాటి పెంట, జబ్బు రాకుండా కలిపిన మందులు, వచ్చాక ఇంకాస్త ఎక్కువగా కలిపిన మందులు, అన్నీ తూముల్లోంచి వచ్చి పడేది నల్లకోడులోనే. పేరుకి అది మురుగుకాలువ. నిజానికి ఊరంతా కలిసి ఉమ్మేసే తొట్టి.

సత్యవేణిది ఆ ఊరే. డాక్టరేటు చేసింది, టౌనులో నీటి పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఆ కోడు కోసమే ఏళ్ళ తరబడి తంటాలు పడి ఒక నాచు తయారు చేసింది. సముద్రపొడ్డున మడ చెట్లని చూస్తే పుట్టిన ఆలోచన అది. మడ చెట్టు ఉప్పునీళ్ళు తాగి బతుకుతుంది. ఒంట్లో చేరిన ఉప్పుని ముసలి ఆకుల్లోకి నెట్టేసి, ఆ ఆకుల్ని రాల్చుకుంటుంది. ఆ గుణాన్ని తెచ్చి సత్యవేణి మామూలు నాచుకి అంటగట్టింది. ఆ నాచు నీళ్ళ మీద దట్టంగా అల్లుకుంటుంది. నీళ్ళలో ఉన్న మందుల్నీ ఎరువునీ పీల్చి తన అడుగు పొరలోకి నెడుతుంది. అడుగు పొర నిండగానే ఊదారంగుకి తిరిగి, పెనం మీద కాలిన అట్టులాగా విడివస్తుంది. దాన్ని తీసేస్తే పైనున్న పచ్చ పొర మళ్ళీ పని మొదలెడుతుంది. ఊళ్ళో వాళ్ళు దానికి ‘డాక్టరమ్మ దుప్పటి’ అని పేరు పెట్టారు.

తీసిన అట్టుని కాల్చెయ్యాలి. ఉన్నది ఆ ఒక్క షరతే. విషం ఎక్కడికీ పోలేదు, నీళ్ళలోంచి అట్టులోకి మారిందంతే. అందుకని కోడు పక్కనే, పొగని కూడా వడకట్టే గొట్టంతో ఒక బట్టీ కట్టించింది సత్యవేణి. ఊరి కట్టుబాటు ప్రకారం ఎవరి చెరువు పక్కనున్న కోడులో పూడిక వాళ్ళే తీసుకోవాలి. అట్టు కూడా అలాగే తీద్దామని నీటి సంఘం తీర్మానించింది. ఈ అట్టు కాల్చాలండి, గట్టున వెయ్యకూడదండి అని సత్యవేణి పంచాయతీ అరుగు మీద నిలబడి గొంతు బొంగురుపోయేదాకా చెప్పింది. నీటి సంఘం ప్రెసిడెంటు బుల్లబ్బాయిగారు అందరి తరఫునా అలాగే కాల్చేద్దామన్నారు. ఊరు ఊరంతా తల ఊపింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని ఆ సాయంత్రం వదినతో అని నవ్వింది సత్యవేణి. అక్కడితో ఆ సంగతి వదిలేసింది. తల ఊపడానికీ పని చెయ్యడానికీ మధ్య ఎంత దూరముంటుందో ఆ ఊళ్ళో పుట్టిన మనిషికి వేరే ఎవరైనా చెప్పాలా?

కోడు తేరుకుంది. అడుగున ఇసక కనబడింది. ఎన్నడో పోయిన కొరమీను తిరిగొచ్చింది. గేదెలు కోడులోకి దిగి లేవమన్నా లేవడం లేదు. పరిశోధన కేంద్రం డైరెక్టరు వరాహమూర్తిగారు వారానికొక బృందాన్ని కార్లలో తీసుకొచ్చి, వంతెన మీద నిలబెట్టి, గట్టిగా గాలి పీల్చమని చెప్పి ఫొటోలు తీయించేవారు.

సత్యవేణి శనివారాలు అన్నయ్య ఇంటికి వచ్చేది. అన్నయ్య ఏడుకొండలు చెరువులు కోడు ఎడమ గట్టునే ఉన్నాయి. వదిన బేబీసరోజినికి ఊరికే కూర్చోవడం చేతకాదు. చెరువు గట్టు మీద బీర, ఆనప, కీరదోస పాదులు పెట్టింది. ఆ ఏడు పాదులు ఎలా కాశాయంటే, ఆకులకంటే కాయలే ఎక్కువ కనబడ్డాయి. వదిన ప్రతి వారం ఒక సంచి నింపి ఆడపడుచు చేతికిచ్చేది. సత్యవేణి ఆ బీరకాయలు టౌనుకి తీసుకెళ్ళి వండుకుని, ఇంత రుచి బజారు కూరకెక్కడిదని పక్క వాటా వాళ్ళకి కూడా పంచేది. తొమ్మిదేళ్ళ మేనకోడలు జోషితకి కీరదోసంటే ప్రాణం. బడి నుంచి వస్తూనే పాదు దగ్గరికెళ్ళి ఒక కాయ తుంచి, గౌనుకి తుడుచుకుని కొరికేది. చెయ్యి కడుక్కోలేదని తల్లి కేకలేస్తే, కాయ తిన్నాక కడుక్కుంటానని జవాబు.

అలాంటి ఒక శనివారం చెరువు గట్టు మీద ఏరేటర్లు రెట్టింపు అయ్యుండటం సత్యవేణి కంటబడింది. ఇదేంటన్నయ్యా అనడిగితే, ఈసారి రొయ్యపిల్ల ఒత్తుగా వేశానని, ఏటా రెండు పంటలు తీసేవాణ్ణి మూడో పంటకి కూడా దిగానని ఏడుకొండలు ఉత్సాహంగా చెప్పాడు. తనొక్కడే కాదట, ఊళ్ళో అందరూ అదే పని. అంత ఒత్తుగా వేస్తే జబ్బు రాదా అంది. వస్తుంది, అందుకే మందు కూడా పెంచామన్నాడు. షెడ్డులో మూటలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మీద పేరు లేదు, ఊరు లేదు. ఏ యాంటిబయాటిక్ మందు అమ్మడం నిషేధమో ఆ మందే లోపలుందని సత్యవేణికి మూట విప్పకుండానే తెలుసు.

"ఇదంతా కోడులోకే కదా వదులుతావు?" అంది.

"దుప్పటి ఉంది కదే."

సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. "మీరు ఇంకాస్త పారబోసుకోవడానికా అన్నయ్యా నేను దుప్పటేసింది?"

"మరి దేనికేశావ్?" అన్నాడు ఏడుకొండలు. వెటకారంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. "కంపు పోయింది. కోడు బాగుపడింది. ఇదివరకు రెండో పంటకే ఊరు గోల పెట్టేది. ఇప్పుడెవరికీ ఇబ్బంది లేదు. నువ్వే గదా మాకీ దారి చూపించింది."

ఇల్లు ఊడ్చే మనిషి దొరికిందని చెత్త రెట్టింపు చేసేవాళ్ళకి ఏమని చెబుతాం? సత్యవేణి చాలాసేపు చెప్పింది. దుప్పటికీ ఒక కడుపుంటుందని, దాని కెపాసిటీ ఇంతేనని, ఇలాగైతే అట్టు నెలకి ఒకసారి కాదు, వారం వారం తీసి కాల్చాల్సి వస్తుందని. వారం వారమే తీస్తున్నామన్నాడు అన్నయ్య. ఆ మాట విని కాస్త నెమ్మదించి టౌనుకి వెళ్ళిపోయింది, బీరకాయల సంచితో.

ఎండలు ముదిరే ముందు జోషితకి జ్వరం వచ్చింది. మొదట ఊళ్ళో ఆరెంపీ సూదిమందు వేశాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. టౌను ఆసుపత్రికి తెచ్చేసరికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, నడుం పట్టుకుని ఏడుస్తోంది. ఇన్ఫెక్షను కిడ్నీల్లో మొదలై రక్తంలోకి ఎక్కిందన్నారు. ఒక యాంటిబయాటిక్ పెట్టారు, పని చెయ్యలేదు. ఇంకోటి పెట్టారు, అదీ చెయ్యలేదు. పిల్లల డాక్టరుగారు పెద్దావిడ. ఈ క్రిమి నేను వాడే మందులన్నిటినీ ముందే చూసినట్టుందమ్మా, ఇంత చిన్న పిల్ల ఒంట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో తెలియడం లేదని సత్యవేణితో విసుగ్గా అన్నారు.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మధ్యాహ్నమే తెలిసింది. జోషిత అన్నం వద్దని మొండికేసింది. వదిన సంచిలోంచి కీరదోస తీసి, ఇదైనా తినమ్మా అని చెక్కు తియ్యబోయింది. ఆసుపత్రిలో పచ్చికాయలెందుకు వదినా అంది సత్యవేణి.

"బజారువి కాదు, మన గట్టువే. పురుగుమందు చుక్క కొట్టలేదు," అంది బేబీసరోజిని. "అట్టు పాదుల్లో వేసిన కాడ్నించీ మందూ అక్కర్లేదు, ఎరువూ అక్కర్లేదు."

సత్యవేణి ఏ అట్టని అడగలేదు. అడగక్కర్లేదు. వదిన చేతిలో కాయ లాక్కుంది. కాల్చలేదా అని మాత్రం అంది.

"ఒండ్రుని కాలుస్తారా ఎవరైనా?" వదిన మొహంలో తప్పు చేసిన ఛాయ లేదు, ఆశ్చర్యం ఉంది. "కోడులోంచి తీసింది గట్టున వెయ్యాలి. మా అత్త వేసింది, ఆవిడత్త వేసింది. అన్నం పెట్టే మట్టిని నిప్పుల్లో పొయ్యమంటే చేతులెలా వస్తాయి వేణీ? నువ్వేదో చదువుకున్నదానివి, పద్ధతి కోసం చెప్పావనుకున్నాం."

ఊరంతా అలాగే అనుకుంది. సత్యవేణి ఆ సాయంత్రమే తాళ్ళమేరక వెళ్ళి బట్టీ తలుపు తీసి చూసింది. నిప్పు ముఖం ఎరగని ఇటుకలు కొత్తగా ఉన్నాయి. ఒక మూల కోడిపెట్ట పొదుగుతూ కూర్చుని, ఎవరొచ్చారన్నట్టు తలెత్తి చూసింది. కోడుకి రెండు గట్లూ ఊదారంగు మట్టితో మెత్తగా, కళకళలాడుతూ ఉన్నాయి. అక్కడ నిలబడి సత్యవేణి తనని తాను తిట్టుకుంది, ఊరిని తిట్టింది, కోడిపెట్టని కూడా తిట్టింది.

కీరదోసనీ, పాదులో మట్టినీ ల్యాబులో పరీక్ష చేస్తే అనుకున్నదే తేలింది. దుప్పటి కోడంతటా పలచగా ఉన్న మందుల్ని ఒకచోటికి చేర్చి చిక్కగా చేసింది. ఆ చిక్కటి మందుల మధ్యే పుట్టి పెరిగిన క్రిములు, తాగుబోతుకి సారా అలవాటైనట్టు, వాటికి అలవాటుపడిపోయాయి. బట్టీలో పడితే చచ్చేవి. గట్టు మీద పడి బతికాయి, పాదుల్లోకి పాకాయి, కాయల మీద కూర్చున్నాయి. పిల్ల ఒంట్లో ఉన్నది ఆ క్రిమే. అది తను తయారు చేసిన దుప్పటి కింద పుట్టిన క్రిమే.

ఆసుపత్రిలో డాక్టరుగారు ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పారు. మిగిలింది ఒక్కటే, పాతకాలపు మందు. ప్రాణం నిలబెడుతుందనే నమ్మకముంది. కానీ చెవుల్లో నరాలు పోయే ప్రమాదముంది, పోతే తిరిగి రావు. బేబీసరోజిని చీర చెంగు నోట్లో కుక్కుకుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సత్యవేణి వైపు చూశారు, ఇంట్లో చదువుకున్నది తనే కాబట్టి. ఇవ్వమని చెప్పన్నయ్యా అంది సత్యవేణి. ఆ మాట అన్నది తనే. ఇంకెవరి మీదా నెట్టడానికి లేదు.

పిల్ల బతికింది. జ్వరం దిగిన రోజున లేచి కూర్చుని, అందరూ నోళ్ళు ఎందుకు ఊరికే ఆడిస్తున్నారని గట్టిగా అడిగింది. తన గొంతు తనకి వినబడక అరిచింది. వార్డులో అందరూ తిరిగి చూశారు. బేబీసరోజిని పిల్లని గుండెకి హత్తుకుని చెవిలో ఏదో చెబుతూనే ఉంది, చెప్పి ప్రయోజనం లేదని ఎవరూ ఆపలేకపోయారు.

సత్యవేణి వరాహమూర్తిగారి దగ్గరికి వెళ్ళి దుప్పటి తీసేయించమంది. ఆయన చాలా జాలిపడ్డారు. మంచినీళ్ళు తెప్పించారు. ఒక పిల్లకొచ్చిన జబ్బుని పట్టుకుని ఇంత మంచి ప్రాజెక్టుని ఆపుతామా అన్నారు. జిల్లాలో మిగతా మురుగుకాలువలన్నిటి మీదా ఇదే పరవడానికి అనుమతి వచ్చేసిందట. పైగా గట్ల మీద ఆ కూరగాయల పెంపకం చూసి పెద్దలు ముచ్చటపడ్డారట, దాన్ని కూడా పథకంలో కలపాలనుకుంటున్నారట. మురుగు నుంచి కూర అని పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నారు. సత్యవేణి తెచ్చిన పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేసి చూడాలన్నారు, తొందరేముందన్నారు. తొందరేముందో తన మేనకోడలిని అడగమని చెప్పి బయటికొచ్చేసింది. ఆ మాట అనేశాక, అడిగినా ఆ పిల్లకి వినబడదు కదా అని గుర్తొచ్చి మెట్ల మీదే కూలబడింది.

పై నుంచి పని కాదనుకుని ఊళ్ళోకి వచ్చింది. పంచాయతీ అరుగు మీద మళ్ళీ నిలబడింది. అట్టు కాల్చండి, గట్ల మీద కూరలు పీకెయ్యండి, చెరువుల్లో మందు మానండి, లేదంటే దుప్పటి తీసేస్తాను అంది. దుప్పటి తీసేస్తుందనేసరికి అప్పటిదాకా ఊరుకున్న వాళ్ళంతా లేచారు. మళ్ళీ కంపు తెస్తావా అని ఒకరు, పిల్లల్ని దోమలకి అప్పజెబుతావా అని ఒకరు. బుల్లబ్బాయిగారు మాత్రం నెమ్మదిగా మాట్లాడారు. ఆయన ఎప్పుడూ నెమ్మదిగానే మాట్లాడతారు.

"డాక్టరమ్మగారూ, మీ ఇంట్లో జరిగినదానికి మేమూ బాధపడ్డామండి. కానీ మా గట్టు మీద కాయ ఊరంతా తింటంది. ఇంకెవరికీ ఏం కాలేదు కదండీ. మీరే ఇచ్చి, మీరే లాక్కుంటే ఏం పద్ధతండి?"

వినబడేది వినరు, కనబడేది చూడరు. సత్యవేణి నోటి దాకా చెవిటివాడు, శంఖం అన్న సామెత వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. అరుగు కింద తల్లి పక్కన కూర్చుని జోషిత అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఇక జన్మలో ఆ సామెత వాడలేదు సత్యవేణి.

మర్నాడు పొద్దున్నే చీర మోకాళ్ళ పైకి దోపుకుని నల్లకోడులోకి దిగింది. నీ ఉద్యోగం పోతుందని డైరెక్టరుగారు ఫోన్ చేయించారు, పోతే పోనిమ్మంది. కంపు ఉంటే కనీసం భయమైనా ఉంటుంది. కంపు లేకుండా చేసి తను ఆ భయాన్ని తీసేసింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకేముంటుంది? దుప్పటి అంచు పట్టుకుని లాగితే పచ్చగా, బరువుగా, తడి బొంతలాగా కదిలింది. లాగిన మేరకి ఒడ్డున చేర్చి, చుట్టలు చుట్టి, బట్టీ దాకా ఈడ్చుకెళ్ళింది. కోడిపెట్టని లేపి, మొదటిసారి బట్టీలో నిప్పు వేసింది. వంతెన మీద జనం గుమిగూడి చూశారు. ఒక్కరూ దిగలేదు.

మధ్యాహ్నానికి ఏడుకొండలు వచ్చాడు. తన గట్టు మీద పాదుల్ని వేళ్ళతో సహా పీకి, పార తెచ్చి ఊదారంగు మట్టిని గీకడం మొదలెట్టాడు. బేబీసరోజిని బుట్టతో ఎత్తి బట్టీలో పోసింది. అన్నం పెట్టే మట్టి నిప్పుల్లో పడుతుంటే ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది, కానీ ఆగలేదు. షెడ్డులో ఉన్న మందు మూటల సంగతి అడగాలని సత్యవేణికి ఉంది. అడిగితే అన్నయ్య ఏమంటాడో, పంట సగంలో ఉంది కదే అంటాడేమోనని భయమేసి అడగలేదు. అన్నయ్య కూడా చెప్పలేదు. ఆ మౌనం మీద ఆమెకి కోపం వచ్చింది. తన మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

దుప్పటి తీసిన చోటల్లా కోడు మళ్ళీ నల్లబడింది. సాయంత్రానికి పాత కంపు లేచింది. వంతెన మీద జనం ముక్కులు మూసుకుని, మూసుకున్న ముక్కులతోనే ఆమెని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. సత్యవేణి నడుం లోతు నీళ్ళలో నిలబడి ఇంకో చుట్ట లాగుతోంది. అప్పుడు కుడి గట్టు మీద జోషిత కనబడింది. ఎప్పుడు వంతెన దాటిందో ఎవరూ చూడలేదు. ఎడమ గట్టు మీద తండ్రి పాదులన్నీ పీకేశాడు కదా, పిల్ల అటు వెళ్ళింది. కుడి గట్టు బుల్లబ్బాయిగారిది. అక్కడ పాదులు పచ్చగా ఉన్నాయి, పందిళ్ళ నిండా కాయలున్నాయి. వద్దని పిల్లకి ముందే సైగలతో చెప్పారు, కాయ చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి చెప్పారు. మన పాదువి మాత్రమే వద్దన్నారనుకుందో, అసలేమీ అర్థం కాలేదో. కోడు వైపు వీపు పెట్టి, మునివేళ్ళ మీద నిలబడి ఒక కీరదోస తుంచింది.

సత్యవేణి అరిచింది. జోషీ, తినకు అని, ఒంట్లో ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది. ఎడమ గట్టున ఏడుకొండలు పార వదిలేసి తిరిగి చూశాడు. బట్టీ దగ్గర బేబీసరోజిని బుట్ట జారవిడిచింది. వంతెన అవతల ఉన్నవాళ్ళు కూడా ఆగారు. సత్యవేణి బురదలో పడుతూ లేస్తూ ఆ గట్టు వైపు నీళ్ళు తోసుకుంటూ వెళ్ళింది, అరుస్తూనే ఉంది.

జోషిత కాయని గౌనుకి తుడుచుకుని కొరికింది.